కంపెనీ చక్రం మీద రాక్షసుడి కోరలు

మా ఆయన దొంగ అని కంపెనీవాళ్ళు కాగితం పంపిన రోజు నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. దొంగ అన్న మాట అందులో లేదు లెండి. అంత తిన్నగా మాట్లాడే ధైర్యం ఆ కంపెనీకి ఎప్పుడేడ్చింది గనక! ‘అనుమతి లేని ద్వితీయ ఉపాధి’ అన్నారు, ‘సంస్థ పరికరాల దుర్వినియోగం’ అన్నారు, ‘విశ్వాసభంగం’ అన్నారు. విచారణకి వచ్చి, ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పుకోమన్నారు. చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన మాత్రం మంచం చివర కుక్కిన పేనులా కూర్చుని, “నిజమే కదే, చక్రం వాళ్ళదే కదా” అన్నాడు.

ఈ మనిషి సంగతి కాస్త చెప్పాలి. మా ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి ఈ కంపెనీ ల్యాబుకి పంపుతారు. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి, చిన్న కత్తితో చెక్కి, గట్టిపరిచి, తిరిగే చక్రం మీద నునుపు చేసి పంపడం ఈయన పని. పళ్ళన్నీ తీర్చినట్టు ఒకే వరసలో పెట్టడు. ఒకటి కావాలనే రవ్వంత పక్కకి తిప్పుతాడు. “అన్నీ ఒక్కలా ఉంటే పళ్ళలా ఉండవే, దువ్వెనలా ఉంటాయి” అంటాడు. బస్సులో ఎవరైనా ముసలావిడ హాయిగా నవ్విందంటే చాలు, ఈయన ఆవిడ నోట్లోకి తొంగి చూస్తాడు. ఎన్నిసార్లు చెయ్యి గిల్లానో లెక్కలేదు.

ఆ ల్యాబులో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. సెట్టు తయారయ్యాక, అంగిలికి ఆనుకునే వైపు అంచు మీద, చేసినవాడు తన గుర్తుగా చిన్న గాటు పెడతాడు. ఒకడిది అడ్డగీత, ఒకడిది చుక్క. మా ఆయనది కొడవలి వంపు. ఎవరికైనా పళ్ళు ఒరుసుకుని నొప్పి పుడితే డాక్టరు ఆ సెట్టు ల్యాబుకి తిప్పి పంపుతాడు. అది వాపసు ట్రేలో పడుతుంది. ట్రే పనివాళ్ళు కూర్చునే బెంచీ వెంట తిరుగుతుంది. ఎవడి గాటు ఉంటే వాడు మారుమాటాడకుండా తీసుకుని, చేతిలో పని పక్కనపెట్టి, ముందు దాన్ని సరిచెయ్యాలి. ఒకరి నోరు నొప్పిగా ఉంటే ఇంకొకరి పని ఆగొచ్చు అని పెద్ద ఓనరు పెట్టిన నియమం. ఆయన మంచివాడు, పెద్దవాడయ్యాక ఇంటిపట్టున ఉండిపోయాడు. పెత్తనం అల్లుడి చేతికొచ్చింది.

అల్లుడుగారు మిషన్లు తెచ్చాడు. మిషన్లు తేవడం తప్పని నేననను. కంప్యూటర్లో బొమ్మ గీస్తే మిషను పళ్ళు చెక్కేస్తుంది, బాగానే ఉంది. దాంతో బెంచీ మీద వాళ్ళకి వారంలో మూడు రోజులే పని అన్నాడు. మా ఆయనకి మిగిలింది మిషను చేసిన పళ్ళకి పాలిషు కొట్టడం. జీతం కూడా ఆ మూడు రోజులకే. కానీ ఉద్యోగ ఒప్పందంలో పాత షరతు ఒకటి అలాగే ఉంచాడు: ఉద్యోగి ఇంకెక్కడా, ఏ రూపంలోనూ పని చెయ్యరాదు. అంటే, పని సగం వారం, జీతం సగం వారం, విధేయత మాత్రం వారమంతా కావాలి బాబుగారికి. ఆ షరతు మాకు గుర్తు కూడా లేదు. చేరినప్పుడెప్పుడో సంతకం పెట్టిన కాగితం ఎవరికి గుర్తుంటుంది?

ఖాళీ రోజుల్లో మా ఆయన ఇంట్లో తిరుగుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. సబ్బుబిళ్ళ దొరికితే దాన్ని చెక్కేవాడు. స్నానానికి వెళ్తే సబ్బు బదులు దవడపన్ను కనిపించేది. మా పైవాటాలో ఉండే మేకప్ ఆవిడ ఓ రోజు మా బాత్రూంలో చేతులు కడుక్కుంటూ అది చూసింది. ఆవిడ ఒక నాటక కంపెనీలో వేషాలు వేయిస్తుంది.

“వదినా, ఇది అన్నయ్య చెక్కారా?” అంది సబ్బు పట్టుకొచ్చి.

“ఆ. స్నానానికి ఇంకోటి కొనుక్కోవాలి నేను.”

“మా రాక్షసుడికి కోరలు కావాలి. బజార్లో కొన్నవి పెట్టుకుంటే డైలాగులు పలకడు, చొంగ కారుస్తాడు. అన్నయ్య చేసిపెడతారా?”

అలా మొదలైంది. నాటక కంపెనీ ఒక పాత గిడ్డంగిలో ఉంటుంది. వెనక గదిలో మా ఆయనకి బల్ల వేసిచ్చారు. రాక్షసుడికి కోరలు, పిసినారి ముసలాడికి పుచ్చిపళ్ళు, మంత్రగత్తెకి వేలాడే ఒంటిపన్ను. నెల తిరిగేసరికి పద్ధతిగా జీతమిచ్చే ఉద్యోగమే అయింది. నేనొకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడిపోయాను. మా ఆయన రాక్షసుడి ముందు కూర్చుని, “ఏదీ, ఒక్కసారి గర్జించండి” అంటున్నాడు. ఆ నటుడు ఆరడుగుల మనిషి, మాట్లాడితే పక్కవాడికి వినపడదు. ఆ కోరలు పెట్టుకుని ఒక్క అరుపు అరిచేసరికి నా చేతిలో క్యారేజీ ఎగిరిపడింది. మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! ఈ మనిషికి బతుకు చేతుల్లో ఉంది, అది నాకు ఆ గుమ్మంలో అర్థమైంది.

ఇక ఆ గాటు. ఎవరూ అడగకపోయినా, ఎవరికీ అక్కర్లేకపోయినా, కోరల సెట్టు లోపలి అంచు మీద కూడా కొడవలి గాటు పెట్టేశాడీయన. సెట్టు పూర్తయితే గాటు పెట్టడం ఆ చేతికి అలవాటు. రాక్షసుడు గారేమో కోరలు తియ్యడానికి బద్ధకించి, రంగానికీ రంగానికీ మధ్య అవి పెట్టుకునే బిస్కెట్లు నమిలాడు. చిగురు పుండయింది. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆ డాక్టరు కూడా మా ఆయన ల్యాబులోనే పళ్ళు చేయించేవాడు కాబట్టి, సెట్టు తిరగేసి, గాటు చూసి, ఇది అక్కడి పనేనని గుర్తుపట్టి, ‘ఇక్కడ ఒరుసుకుంటోంది, సరిచేసి పంపండి’ అని చీటీ అంటించి, నేరుగా కంపెనీకి పంపేశాడు.

మర్నాడు వాపసు ట్రే బెంచీ వెంట బయల్దేరింది. అందులో ఏ తాతగారివో రెండు సెట్లూ, వాటి మధ్య ఎర్రటి చిగుళ్ళతో రాక్షసుడి కోరలూ. బెంచీ అంతా నోళ్ళు నొక్కుకుని నవ్వారట. ట్రే మా ఆయన దగ్గరకొచ్చింది. ఇంకెవడైనా అయితే ఏం చేస్తాడు? జేబులో వేసుకుంటాడు. ‘ఇదేంటో నాకు తెలీదు’ అంటాడు. ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? చీటీ చదివి, చేతిలో పని పక్కనపెట్టి, కోరలు తీసుకుని, కంపెనీ చక్రం తిప్పి, కంపెనీ సమయంలో, ఒరుసుకునే చోట శుభ్రంగా నునుపు చేశాడు. వేలితో తడుముకుని, ఇంకాస్త నునుపు చేశాడు. తలెత్తేసరికి ఎదురుగా అల్లుడుగారు.

“ఎందుకు చేశారండీ?” అని నేను ఆ కాగితం ఈయన మొహం ముందు ఆడించాను.

“ట్రేలో వచ్చిందే. నా గాటుంది. నొప్పిగా ఉందని రాశారు.”

“అవి రాక్షసుడి కోరలని కనపడలేదా మీకు?”

“కనపడింది. నొప్పి మనిషిదే కదా.”

 ఆ కాగితం మడిచి నా సంచీలో పెట్టుకున్నాను.

మర్నాడే కార్మికుల సలహా కేంద్రానికి లాక్కెళ్ళాను. అక్కడ ఒక లాయరమ్మ కూర్చుంటుంది. సన్నగా, చురుగ్గా ఉంది. ఒప్పందం చదివి కళ్ళజోడు పైకి తోసుకుంది.

“చూడండమ్మా, చట్టం ఏమంటుందంటే, డ్యూటీ అయిపోయాక మనిషి టైము మనిషిదే. ఇంకో పని చేసుకోవచ్చు. కంపెనీ వద్దనాలంటే ఊరికే వద్దంటే కుదరదు, కారణం చూపించాలి. పోటీ కంపెనీలో చేస్తున్నాడనో, రహస్యాలు బయటపెడుతున్నాడనో, విశ్రాంతి లేక పనిలో ప్రమాదం అవుతుందనో. ఏ కారణం లేకుండా ‘ఇంకెక్కడా చెయ్యకూడదు’ అని రాసిన షరతు నిలబడదు.”

“అయితే గెలిచినట్టేనా?” అన్నాను.

“కాదు. ముందు చెప్పి చేసుంటే బావుండేది, అదొకటి. రెండోది ఆ చక్రం. బయటిపని వాళ్ళ చక్రం మీద, వాళ్ళ టైములో చేశారు. ఆ ఒక్కటీ నాకు నచ్చట్లేదు. ఎంతసేపు పట్టింది సార్?”

మా ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “టీ చల్లారలేదండి” అన్నాడు.

లాయరమ్మ నవ్వాపుకుంది. విచారణకి తోడుగా ఒకరిని తీసుకెళ్ళొచ్చని, ఏ కాగితం ఇచ్చినా అక్కడికక్కడ సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపింది.

విచారణ గదిలో పెద్ద గాజుబల్ల, ఆ చివర అల్లుడుగారు, పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే అమ్మాయి. ఆమెకి బెంచీ మీద వాళ్ళు నవ్వుల మేడమ్ అని పేరు పెట్టుకున్నారు, ఉద్యోగాలు తీసేటప్పుడు కూడా నవ్వుతుందని. బల్ల మధ్యలో ఒక ప్లాస్టిక్ సంచీలో రాక్షసుడి కోరలు. హత్య కేసులో కత్తి పెట్టినట్టు పెట్టారు.

“పళ్ళు పళ్ళే” అన్నాడు అల్లుడుగారు. “మనం పళ్ళు చేస్తాం, నువ్వు బయట పళ్ళు చేశావు. ఇది పోటీ వ్యాపారమే.”

“మీకు ఏ డాక్టరైనా కోరలు ఆర్డరిచ్చాడా బాబూ?” అన్నాను నేను.

“తోడుగా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదండి” అంది నవ్వుల మేడమ్, నవ్వుతూనే. అది వాళ్ళ కంపెనీ నియమమట. పంటి బిగువున ఊరుకున్నాను. నా జీవితంలో అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి, మా అమ్మ చూసుంటే నమ్మేది కాదు.

ఆ అమ్మాయి మా ఆయన వైపు తిరిగింది. “మీ ఆరోగ్యం గురించే మా బాధ సార్. రెండేసి పనులు చేస్తే విశ్రాంతి ఎక్కడుంటుంది?”

“మీరు నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చారు కదమ్మా” అన్నాడు మా ఆయన. వెటకారం కాదు. ఈయనకి వెటకారం రాదు. నిజంగానే ఆమె మరిచిపోయిందేమోనని గుర్తుచేశాడు.

అల్లుడుగారు కుర్చీలో ముందుకి వంగాడు. గొంతు మెత్తబరిచాడు. “పాతవాడివి. నిన్ను రోడ్డు మీద పడెయ్యడం నాకూ ఇష్టం లేదు. ఇదిగో, హామీ పత్రం. ఇక జన్మలో బయట ఎక్కడా, జీతానికైనా ఊరికేనైనా, పళ్ళు అనేవి చెయ్యనని సంతకం పెట్టు. వెళ్ళి పాలిషు కొట్టుకో.”

ఊరికేనైనా! అంటే ఇంట్లో సబ్బు కూడా చెక్కకూడదా? మా ఆయన చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆ ముఖం చూశాను. ఇంటి అద్దె, నా మోకాళ్ళ నొప్పులు, అన్నీ ఆ ముఖంలో ఉన్నాయి. గిడ్డంగి గదిలో బల్లా ఉంది, దాన్ని మాత్రం మనసు లోపలికి తోసేసి తలుపేసుకుంటున్నాడు.  బల్ల కింద ఆయన రెండో చేతి మణికట్టు పట్టుకున్నాను. గాజుబల్ల కదా, అందరికీ కనపడింది. కనపడనీ.

“లాయరుకి చూపించి పెడతారు” అన్నాను. “ఇది మాట్లాడటం కాదు, చెయ్యి పట్టుకోవడం. దానికి నియమం ఏమైనా ఉందా?”

నవ్వుల మేడమ్ మొదటిసారి నవ్వలేదు.

లాయరమ్మ ఆ హామీ పత్రం చూసి, “వీళ్ళు పట్టాభిషేకం చేసుకున్నారా ఏంటి?” అంది. కూర్చుని జవాబు రాసింది. షరతుకి కారణం చూపండి, నాటకాల కోరలు వైద్యపు పళ్ళకి పోటీ ఎలా అవుతాయో చెప్పండి, వారమంతా మనిషిని కట్టేసుకోవాలంటే వారమంతా జీతమివ్వండి, లేదంటే కార్మిక న్యాయస్థానంలో కలుద్దాం అని. కంపెనీ కొన్నాళ్ళు ఉలకలేదు పలకలేదు. ఆ తర్వాత దిగొచ్చింది. ఉద్యోగంలోంచి తీసెయ్యడం లేదు. డ్యూటీ లేని సమయంలో నాటక కంపెనీలో పని చేసుకోవడానికి అభ్యంతరం లేదు. చక్రం వాడినందుకు మాత్రం హెచ్చరిక. “అది న్యాయమే” అని మా ఆయన ఆ హెచ్చరిక మీద ఎంతో గౌరవంగా సంతకం పెట్టాడు. పైవాటా ఆవిడ కేకు తెచ్చింది. రాక్షసుడు గారు కూడా వచ్చి, మూలన కూర్చుని, ఎవరికీ వినపడకుండా అభినందించి వెళ్ళాడు.

ఆ సంతోషం వారం తిరగలేదు. కొత్త డ్యూటీ చార్టు వచ్చింది. మూడు రోజుల పనే, ఒక్క గంట ఎక్కువా లేదు తక్కువా లేదు. కాకపోతే దాన్ని ముక్కలు చేసి ఆదివారం తప్ప అన్ని రోజులకీ పంచారు. రోజూ మిట్టమధ్యాహ్నం కొంతసేపు. నాటకంవాళ్ళు రిహార్సల్సు చేసేదీ, పళ్ళు పెట్టి చూసుకునేదీ ఆ వేళకే. బెంచీ మీద ఇంకెవరి చార్టూ మారలేదు, మా ఆయనది ఒక్కటే. అడగడానికి వెళ్తే అల్లుడుగారు ఎంత తీయగా మాట్లాడాడో! “నీ రెండో ఉద్యోగానికి మేం అడ్డు చెప్పలేదు కదా. మా పనివేళలు మేం మార్చుకున్నాం. అంతా రూలు ప్రకారమే.”

లాయరమ్మ ఆ చార్టుని పాత చార్టు పక్కన పెట్టి చూసింది. “కక్షతోనే చేశారు” అంది. “కానీ పనివేళలు పెట్టుకునే హక్కు వాళ్ళది. కక్ష అని మనం రుజువు చెయ్యాలి. చేద్దాం. ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేను. అప్పటిదాకా ఈ చార్టే నడుస్తుంది.”

ఇంత అన్యాయం నేనెక్కడా చూడలేదు. తలుపు మూసేస్తే బద్దలు కొట్టుకుని వెళ్ళొచ్చు. వీళ్ళు తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కాళ్ళు చాపుకుని పడుకున్నారు. దారి పొడుగునా తిట్టుకుంటూ నడిచాను. మా ఆయన చార్టు మడిచి జేబులో పెట్టుకుని నా పక్కన నడిచాడు. 

ఆ మధ్యాహ్నం కొత్త చార్టు ప్రకారం డ్యూటీకి వెళ్ళిన మనిషి వేళకంటే ముందే తిరిగొచ్చాడు. చంకలో తువ్వాలు మూట. విప్పితే చెక్కుడు కత్తులు. అవి సొంతవి, పెళ్ళికి ముందు కొనుక్కున్నవి.

“మానేశాను” అన్నాడు. “ట్రేలో నాదొక సెట్టుంది. అది సరిచేసి, అప్పుడు మానేశాను.”

గుమ్మంలోనే నిలబడ్డాడు. నేనేమంటానోనని నా మొహం వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నన్నడగకుండా చొక్కా కూడా కొనుక్కోలేదు.

“నాటకంవాళ్ళు ఇచ్చేదాంతో ఇల్లు గడవదే. తెలుసు. అయినా మధ్యాహ్నంపూట ఆ పాలిషు చక్రం ముందు కూర్చుంటే, ఆ గిడ్డంగిలో నా కోసం నోరు తెరుచుకుని ఎవరో కూర్చున్నట్టే ఉంది.” చెక్కుడు కత్తులు మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. “కోప్పడతావా?”

కోప్పడ్డాను. కూర్చోబెట్టి, మంచినీళ్ళు చేతికిచ్చి మరీ, ఆ అల్లుడి మీద వీధి చివరిదాకా వినపడేలా కోప్పడ్డాను. మా ఆయన గ్లాసు పట్టుకుని వింటూ మధ్యలో ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కేసు మాత్రం వదిలేది లేదని, ఉద్యోగం వదిలేసేలా వేళలు మార్చడం కూడా తీసేసినట్టే లెక్కని లాయరమ్మ ఫోనులో చెప్పింది. నడవనీ. ఈలోపు ఇల్లు కూడా నడవాలి.

నేను ఒక హోటల్లో దుప్పట్ల గది చూస్తాను. అతిథుల దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండుగలీబులు, చిరిగినవి ఏరడం, మడతలు సరిచూడడం నా పని. పొద్దున్నే మొదలై మధ్యాహ్నం తిరిగేసరికి అయిపోతుంది. మర్నాడు పని ముగించుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను. నాటక కంపెనీలో సాయంత్రాలు దుస్తులు కుట్టి సరిచేసే మనిషి కావాలట, చేరుతున్నాను, ముందుగా మీకు తెలియజేస్తున్నాను అని తెల్లకాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను.

ఆయన చదివి మొహం చిట్లించాడు. “మన దగ్గర అలాంటివి కుదరవమ్మా. ఒప్పందంలో ఉంది, ఇంకెక్కడా చెయ్యకూడదని.”

“ఎందుకు కుదరదో కారణం రాసివ్వండి సార్. నాటకంవాళ్ళు హోటలేమీ పెట్టట్లేదు. మీ దుప్పట్ల రహస్యాలు నేను రాజులకీ రాక్షసులకీ చెప్పను. రాత్రి నిద్రకి టైముంది. ఈ మూడూ కాక నాలుగో కారణం ఉంటే అది రాయండి.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. “అసలు నీకు రెండో ఉద్యోగం ఎందుకమ్మా ఈ వయసులో?”

“మీరిచ్చే మొదటిది చాలక.”

 ఆయన కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను కోసం బల్లంతా తడుముకున్నాడు. నా పెన్ను మూత తీసి చేతికిచ్చాను.